ఉచితంగా ఇచ్చిన లైబ్రరీకి మెయింటైనర్ మనకేమైనా బాకీ ఉంటాడా?

కామా_కష్టాలు (చర్చ మొదలుపెట్టినవారు)

విషయం చిన్నదే, కానీ రెండు రోజులుగా నాకు మింగుడుపడటం లేదు. సీఎస్‌వీ ఫైళ్ళు (కామాలతో విడదీసిన పట్టికలు) చదవడానికి మేం ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీ, అంటే ఎవరో రాసి అందరికీ ఇచ్చిన కోడ్, వాడుతున్నాం. పేరు ఎందుకులెండి. స్ప్రెడ్‌షీట్ నుంచి సేవ్ చేసిన ఫైళ్ళ మొదట్లో ఒక్కోసారి బీఓఎం అనే మూడు బైట్ల గుర్తు ఉంటుంది, కంటికి కనపడదు. ఈ లైబ్రరీ దాన్ని తీసుకెళ్ళి మొదటి కాలమ్ పేరులో కలిపేస్తోంది. తెర మీద 'ఐడీ' అనే కాలమ్ కనపడుతూనే ఉంటుంది, కోడ్‌లో అడిగితే అలాంటిది లేదంటుంది. అది పట్టుకునేసరికి నాకు తెల్లారింది.

తీరా చూస్తే ఎవరో పుణ్యాత్ముడు తొమ్మిది నెలల కిందటే ఆరు లైన్ల పీఆర్ (ఈ సవరణ కలుపుకోండి అనే అభ్యర్థన) పెట్టి ఉన్నాడు. మెయింటైనర్, అంటే లైబ్రరీని చూసుకునే ఆయన, దాన్ని మర్జ్ చెయ్యలేదు (కలుపుకోలేదు), అసలు ముట్టుకోలేదు. "ఇది ఎప్పటికి మర్జ్ అవుతుందండీ? మా ప్రొడక్షన్ ఆగిపోయింది" అని రాశాను. "మీ ప్రొడక్షన్ నా బాధ్యత కాదు, ఫోర్క్ చేసుకోండి" అని ఒక ముక్క రాసి (ఫోర్క్ అంటే కోడ్ కాపీ తీసుకుని సొంతంగా నడుపుకోవడం), నా ఇష్యూకి, అంటే ఫిర్యాదు పేజీకి, తాళం వేసేశాడు.

ఉచితంగా ఇచ్చాడు, ఒప్పుకుంటాను. కానీ రీడ్‌మీలో (లైబ్రరీ పరిచయ పేజీలో) "ప్రొడక్షన్‌కి సిద్ధం" అని రాసుకున్నది ఆయనే కదా! లక్షల మంది వాడుతున్నారని బ్యాడ్జీ పెట్టుకున్నదీ ఆయనే. అంతమందిని రమ్మని పిలిచాక కనీసం జవాబు చెప్పే బాధ్యత ఉండదా? మీరేమంటారు?

పాతకాపు

ఉండదు.

మీరు వాడుతున్న లైసెన్స్ ఎప్పుడైనా చదివారా? ఎంఐటీ లైసెన్స్ అయితే నిండా ఒక పేజీ కూడా ఉండదు. చివర్లో పెద్దక్షరాల్లో ఉన్నదంతా ఒకటే మాట: ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, ఏ హామీ లేదు, నష్టం వస్తే మమ్మల్ని అడగొద్దు. జీపీఎల్ అనే ఇంకో లైసెన్స్‌లోనూ ఇదే ఉంది. అది ఒప్పుకునే మీరు ఇన్‌స్టాల్ చేశారు. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టుంది మీ వ్యవహారం.

ఫోర్క్ చేసుకోండి అన్నది కూడా తిట్టు కాదు. 1997లో జీసీసీ కంపైలర్ (కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) ముందుకు కదలడం లేదని కొందరు ఈజీసీఎస్ అని ఫోర్క్ తీశారు. 1999 కల్లా ఆ ఫోర్కే అసలు జీసీసీ అయింది. ఓపెన్‌ఆఫీస్‌తో కుదరక 2010లో లిబ్రెఆఫీస్ పుట్టింది. మాకు ఆ హక్కు ఉండటమే గొప్ప అనుకునేవాళ్ళం. ఇప్పటివాళ్ళకి హక్కు అక్కర్లేదు, కస్టమర్ కేర్ కావాలి.

నల్లతెర

లైసెన్స్ సంగతి కోర్టులో చెప్పుకోవాలి పాతకాపు గారూ. ఆయన అడిగింది చట్టం గురించి కాదు, మర్యాద గురించి.

వీధిలో చలివేంద్రం పెట్టినవాడు నీళ్ళు ఇవ్వాల్సిన పని లేదు, నిజమే. కానీ కుండలో పురుగు పడిందని ఎవరైనా చెప్తే, "నీ దాహం నా బాధ్యత కాదు" అంటాడా? పారబోస్తాడు, లేదంటే కుండ బోర్లిస్తాడు. ఈయన రెండూ చెయ్యలేదు. ఇక చూడలేను అనుకుంటే రిపోని (కోడ్ ఉండే చోటుని) ఆర్కైవ్ చెయ్యొచ్చు, అంటే ఇక మార్పులు ఉండవని మూసెయ్యొచ్చు, ఒక్క బటన్ నొక్కితే అయిపోతుంది. మన దారి మనం చూసుకుంటాం.

రాత్రి_కమిట్

నేనూ ఒక చిన్న లైబ్రరీ నడుపుతున్నాను. ఇది కాదు, వేరేది. పగలు ఉద్యోగం, పిల్ల పడుకున్నాక ఇది. కాబట్టి నా వైపు పక్షపాతం ఉంటుందని ముందే చెప్తున్నా.

నల్లతెర గారూ, కుండలో పురుగు పోలిక బాగుంది. అయితే అసలు ఇబ్బంది, ఏది పురుగో తేల్చడంలోనే ఉంది. ఆరు లైన్ల పీఆర్ అన్నారు కదా, నాకు వచ్చి ఉంటే ఏం చూస్తానో చెప్తాను. ఒకటి, ఫైలు మొత్తం ఒకేసారి రాదు, ముక్కలు ముక్కలుగా వస్తుంది. మూడు బైట్ల గుర్తులో రెండు బైట్లు ఒక ముక్కలో, మూడోది ఇంకో ముక్కలో పడితే? ఆ ఆరు లైన్లు అది చూస్తున్నాయా? రెండు, ఈ తప్పు ఏళ్ళుగా ఉంది కాబట్టి కొందరు దానికి అలవాటు పడి ఉంటారు. తమ కోడ్‌లో కాలమ్ పేరు ముందు ఆ కనపడని గుర్తు కలిపి మరీ వెతుకుతుంటారు. నేను బాగుచేసిన రోజున వాళ్ళది విరుగుతుంది. అప్పుడు మీలాగే ఇంకొకాయన "మా ప్రొడక్షన్ ఆగిపోయింది" అని వస్తాడు. మూడు, టెస్టులు రాశాడా?

ఇదంతా చూడటానికి రెండు గంటలు కావాలి. నాకు వారానికి దొరికేది మూడు గంటలు. ఆ మూడు గంటల్లో ఇలాంటివి పద్నాలుగు ఉంటాయి. ఈ మధ్య ఏఐతో తయారుచేసిన పీఆర్‌లు కూడా వచ్చిపడుతున్నాయి, చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, లోపల ఏమీ ఉండదు. వాటిని చదివి కాదని తేల్చడానికీ నా టైమే కావాలి.

ఆయన కటువుగా రాశాడు, అది ఒప్పుకుంటా. నేనూ ఒకసారి అలా రాసి, పొద్దున్న లేచి సిగ్గుపడ్డాను.

కొత్త_కొమ్మ

నాదో డౌట్. పీఆర్ చూడటానికి టైమ్ లేకపోతే ఇంకెవరికైనా మర్జ్ చేసే పర్మిషన్ ఇవ్వొచ్చు కదా? సాయం చేస్తాం అనేవాళ్ళు చాలామంది ఉంటారుగా.

గొళ్ళెం

కొత్త_కొమ్మ గారూ, సెక్యూరిటీలో పనిచేసేవాళ్ళకి గుండె జారిపోయే మాట అన్నారు.

2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీ సరిగ్గా మీరన్నట్టే చేతులు మారింది. రాసినాయన దాన్ని తను వాడటం మానేశాడు. ఒకతను మెయిల్ పెట్టి నేను చూసుకుంటానన్నాడు, ఈయన ఇచ్చేశాడు. ఆ కొత్త మనిషి బిట్‌కాయిన్ వాలెట్లు దోచే కోడ్‌ని ఒక డిపెండెన్సీలో (ఆ ప్యాకేజీ వాడుకునే ఇంకో ప్యాకేజీలో) దాచి లోపలికి తెచ్చాడు.

2024 నాటి ఎక్స్‌జెడ్ ఇంకా భయంకరం. ఫైళ్ళు కుదించే లైబ్రరీ, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. నడిపేది ఒక్క మనిషి. 2022లో కొన్ని ఖాతాల నుంచి ఆయన మీద ఒత్తిడి మొదలైంది: ప్యాచ్‌లు ఎందుకు చూడటం లేదు, ఓపిక లేకపోతే ఇంకొకరికి అప్పగించొచ్చు కదా అని. ఇది జీతం లేని సరదా ప్రాజెక్ట్ అని ఆయన చెప్పుకున్నాడు. చివరికి ఎప్పటినుంచో సాయం చేస్తూ వస్తున్న జియా టాన్ అనే పేరుకి హక్కులు దక్కాయి. ఆ పేరుతోనే 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి వచ్చి చేరింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్, తన మెషిన్‌లో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషిన్‌లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీయబట్టి బయటపడింది. ఆయన కూడా పోనీలే అనుకుని ఉంటే?

అందుకే కామా_కష్టాలు గారూ, మీరు మంచి మనసుతోనే రాసినా, "ఎప్పటికి మర్జ్ అవుతుంది" అనే ఒత్తిడి ఒంటరి మెయింటైనర్‌తో ఏం చేయిస్తుందో గుర్తుపెట్టుకోవాలి. ఆ ఖాతాలు ఎక్కింది కూడా ఇదే గుమ్మం.

కామా_కష్టాలు

బాబోయ్, నన్ను తీసుకెళ్ళి గూఢచారుల పక్కన నిలబెట్టారు! ఒక్క ప్రశ్న అడిగానండీ అంతే.

అయినా మీరు చెప్పింది నా వాదనకే బలం కదా. ప్రపంచం అంతా దాని మీద నడుస్తోందంటే అది "నా సరదా ప్రాజెక్ట్" ఎలా అవుతుంది? 2016లో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు లైన్ల కోడ్‌ని దాని ఓనర్ ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే చోటు) నుంచి తీసేస్తే ఎక్కడెక్కడి బిల్డులు విరిగిపోయాయి. చివరికి ఎన్‌పీఎం దాన్ని మళ్ళీ పెట్టి, ఇష్టం వచ్చినట్టు తీసెయ్యడం కుదరదని రూలు మార్చింది. 2022 జనవరిలో కలర్స్, ఫేకర్ అనే ప్యాకేజీలు రాసినాయన వాటిని తనే పాడుచేసుకున్నాడు. కలర్స్ వాడేవాళ్ళ తెరల మీద అర్థంలేని అక్షరాలు ఆగకుండా పడ్డాయి. అది కూడా "నా ఇష్టం" కిందికే వస్తుందా పాతకాపు గారూ?

పాతకాపు

రాదు. అక్కడ నేను మీతోనే. ఇవ్వకపోవడం వేరు, ఇచ్చినదాంట్లో కావాలని విషం కలపడం వేరు. లైసెన్స్‌లో హామీ లేదన్నది పొరపాట్లకి రక్షణ, మోసానికి కాదు.

లెఫ్ట్-ప్యాడ్ సంగతి మాత్రం ఒప్పుకోను. ఒక పదానికి ఎడమవైపు ఖాళీలు నింపే కోడ్‌ని కూడా సొంతంగా రాసుకోలేక నెట్‌లోంచి లాక్కున్నది ఎవరు?

బిల్లుపుస్తకం

నేను చిన్న టీమ్‌కి మేనేజర్‌ని. డబ్బు మాట ఇంకా ఎవరూ ఎత్తలేదేంటా అని చూస్తున్నా.

2014లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డప్పుడు తెలిసిందేమిటంటే, ఇంటర్నెట్‌లో తాళాలు చాలావరకు తయారుచేస్తున్న ఆ ప్రాజెక్ట్‌కి విరాళాలుగా వచ్చేది ఏడాదికి సుమారు 2000 డాలర్లు. గొడవయ్యాక పెద్ద కంపెనీలు లినక్స్ ఫౌండేషన్ ద్వారా నిధి పోగేశాయి. 2021 డిసెంబర్‌లో లాగ్4జే అనే జావా లైబ్రరీలో పెద్ద లోపం బయటపడింది, మళ్ళీ అదే కథ, రాత్రింబవళ్ళు కూర్చుని బాగుచేసింది వాలంటీర్లు. ఆ మరుసటి నెల, కర్ల్ అనే నెట్ నుంచి డేటా తెచ్చే టూల్ రాసే డానియల్ స్టెన్‌బర్గ్‌కి ఒక పెద్ద కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, మా ప్రశ్నలకి 24 గంటల్లో జవాబులు పంపండి అని. కర్ల్‌కీ లాగ్4జేకీ ఏ సంబంధమూ లేదు. సపోర్ట్ కాంట్రాక్ట్ తీసుకోండి, సంతోషంగా చెప్తానన్నాడాయన. నాకు నచ్చింది.

కానీ లోపలి సంగతి కూడా వినండి. మా దగ్గర ఒక మెయింటైనర్‌కి నెలకి ఇంత అని ఇద్దామని నేనే ప్రయత్నించాను. అకౌంట్స్‌వాళ్ళు అడిగినవి: వెండర్ కోడ్ ఏది, ఇన్‌వాయిస్ ఏది, బదులుగా మనకేం వస్తుంది? "ఇప్పటికే వచ్చేసింది సార్" అన్నా. నవ్వారు. అదే పని చేసే లైసెన్స్ ఒకటి డబ్బు పెట్టి కొంటానంటే రెండు వారాల్లో సంతకం అయిపోయేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మెయింటైనర్లు కూడా "కాఫీ ఇప్పించండి" బటన్ పక్కన ఇన్‌వాయిస్ ఇచ్చే దారి ఒకటి పెడితే మాలాంటివాళ్ళకి తేలిక.

రాత్రి_కమిట్

డబ్బు తీసుకున్న రోజు నుంచి అది రెండో ఉద్యోగం అవుతుంది సార్. నాకు ఒక చిన్న కంపెనీ మూడు నెలలు ఇచ్చింది. రెండో నెల నుంచి "మా ఫీచర్ ఎంతవరకు వచ్చింది" అని మొదలుపెట్టారు. తిరిగి ఇచ్చేశాను.

డబ్బు వద్దని కాదు. నాకు కావలసింది నా పని తగ్గించేవాళ్ళు. టెస్ట్ రాసేవాడు, పాత ఇష్యూలు చూసి "ఇది ఇప్పుడు రావటం లేదు, మూసెయ్యొచ్చు" అని చెప్పేవాడు. బగ్ ఎలా వస్తుందో పది లైన్లలో చూపించేవాడైతే కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటా.

నల్లతెర

అంటే చివరికి పని మళ్ళీ వాడేవాడి నెత్తినే. జీతం ఇచ్చే కంపెనీ పని ఎవరు చేస్తారు మరి, రాత్రిళ్ళు మేమూ కూర్చోవాలా?

గొళ్ళెం

రాత్రిళ్ళు ఎందుకు? ఆఫీసు టైమ్‌లోనే చెయ్యండి, అది ఆఫీసు పనే.

యూరప్‌లో సైబర్ రెజిలియన్స్ యాక్ట్ అని ఒక చట్టం 2024 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది, ముఖ్యమైన నిబంధనలు 2027 డిసెంబర్ నుంచి వర్తిస్తాయి. అందులో భారం సరుకు అమ్మేవాడి మీద పడింది. లోపల వాడిన ఓపెన్ సోర్స్ ముక్కలను పరిశీలించుకోవాల్సింది అమ్మేవాడు. వాటిలో భద్రతా లోపం దొరికితే మెయింటైనర్‌కి చెప్పాలి, తను సవరణ రాస్తే ఆ కోడ్ కూడా అందజేయాలి. వ్యాపారం కోసం కాకుండా కోడ్ పంచుకునే మనిషి మీద ఆ బరువు లేదు. మొదటి ముసాయిదా చూసి ఓపెన్ సోర్స్ సంస్థలు గట్టిగా పోట్లాడితేనే ఇంత స్పష్టత వచ్చింది. ఈ లెక్కన "బాకీ ఎవరు" అన్న ప్రశ్నకి ఒక జవాబైతే దొరికినట్టే: ప్రొడక్షన్ ఎవరిదో, బాకీ వాళ్ళదే. మీ బీఓఎం భద్రతా లోపం కాదనుకోండి, కానీ లెక్క అదే.

కామా_కష్టాలు

పూర్తిగా ఒప్పుకోను. "ప్రొడక్షన్‌కి సిద్ధం" అని రాసినందుకు ఆయన మీద ఒక్క బాకీ ఉందనే ఇప్పటికీ అంటాను: చూడలేకపోతే చూడలేనని రీడ్‌మీలో రాయడం. అంతకుమించి అడగను. ఇది మాత్రం నాతో ఎవరూ మాన్పించలేరు.

ఇక నా సంగతి. నిన్న ఆఫీసులోనే కూర్చుని (గొళ్ళెం గారి మాట మా లీడ్‌కి చూపించి మరీ) ఆ ఆరు లైన్ల పీఆర్ దించుకున్నాను. రాత్రి_కమిట్ గారు చెప్పినట్టు ఫైలుని రెండో బైట్ దగ్గర ముక్క చేసి పంపాను. ఫెయిల్. తొమ్మిది నెలల క్రితం మర్జ్ చేసి ఉంటే నా బగ్ పోయేది, పెద్ద ఫైళ్ళు పంపే ఇంకెవరికో అప్పుడప్పుడు మాత్రమే వచ్చే బగ్ ఒకటి పుట్టేది. అలాంటిది పట్టుకోవడం నా దానికంటే నరకం. ఆయనకి ఇది తెలిసే ఆగాడో, అసలు తెరిచే చూడలేదో తెలియదు.

మొదటి మూడు బైట్లు పోగయ్యేదాకా ఆగి, తర్వాత చూసేలా మార్చి రాశాను. ప్రస్తుతానికి ప్యాచ్ మా రిపోలోనే ఉంచాం, వెర్షన్ కదలకుండా లాక్ చేశాం. పాత అలవాటువాళ్ళది విరగకుండా దాన్ని ఒక ఆప్షన్ వెనక పెట్టాను, ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. నాలుగు టెస్టులతో కొత్త పీఆర్ ఈరోజు పొద్దున్న పెట్టాను. తాళం ఇష్యూకే, పీఆర్‌లకి లేదు.

రాత్రి_కమిట్

ఆప్షన్ వెనక పెట్టడం మంచి పని. ఫైల్లో మూడు బైట్ల కంటే తక్కువ ఉంటే ఏమవుతుంది? మూడు పోగయ్యేదాకా ఆగుతుంది అన్నారు, ఒక్క అక్షరం ఉన్న ఫైలు వస్తే?

కామా_కష్టాలు

ఒక్క నిమిషం.

ఆ అక్షరాన్ని మింగేస్తోంది. ఐదో టెస్ట్ రాస్తున్నా.