ఐస్ మేకర్‌లో సెన్సర్ ఎర్రర్: కొలిచాక మార్చాలా, చూడగానే మార్చేయాలా?

డల్లాస్_గృహస్థు

అందరికీ నమస్కారం. మా ఫ్రిజ్‌లో ఫ్రీజర్ అరలోనే ఐస్ మేకర్ ఉంది. కొంతకాలంగా ఐస్ ముక్కలు డొల్లగా వస్తున్నాయి. పైన పలచటి పెంకు, కొరికితే లోపల నీళ్లు. ఆ నీళ్లు బుట్టలో కారి మిగతా ముక్కలన్నీ ఒకే ముద్దగా అతుక్కుపోతున్నాయి. మధ్యమధ్యలో డిస్‌ప్లే మీద ఐస్ మేకర్ సెన్సర్ ఎర్రర్ వస్తుంది, కాసేపటికి దానంతటదే పోతుంది. ఫ్రీజర్‌లో చల్లదనం మాత్రం బాగానే ఉంది. విడిగా థర్మామీటర్ పెడితే మైనస్ 18 డిగ్రీలు చూపించింది.

వచ్చిన టెక్నీషియన్ మీటరు బయటికే తీయలేదు. కోడ్ చూసి, "సెన్సర్ పోయింది. విడిగా దొరకదు. ఐస్ మేకర్ సెట్ మొత్తం మార్చాలి" అన్నాడు. ఇక్కడ సెట్ ఖరీదు, ఇంటికొచ్చిన ఫీజు, పని కూలి కలిపితే చిన్న ఖర్చు కాదు. ఇంట్లో మల్టీమీటర్ ఉంది. కొలిచి చూడటంలో అర్థం ఉందా, లేక ఆయన మాట విని మార్పించేయాలా?

ఫ్రిజ్_సర్వీస్_బెజవాడ

ఆ టెక్నీషియన్‌ను తప్పు పట్టలేం సార్. ఈ పనిలో జీవితం గడిపినవాడిగా చెబుతున్నా. ఐస్ మేకర్‌ను ఒకసారి బయటికి తీస్తే స్క్రూలు, జాక్ (వైర్లను కలిపే ప్లగ్), ప్లాస్టిక్ క్లిప్పులు అన్నీ ఊడదీయాలి. కొలవడానికి ఒకసారి, మార్చడానికి ఇంకోసారి వెళ్తే రెండో రాకకు ఫీజు కూడా కస్టమరే ఇవ్వాలి. పైగా చలికి గట్టిపడ్డ క్లిప్పు విరిగితే ఆ గొడవ మా మీదే పడుతుంది. సెన్సర్ కోడ్ పడింది, లక్షణం కూడా సెన్సర్‌దే. ముందు మార్చేయడమే కస్టమర్‌కు లాభం.

ఇంకో సంగతి. బయటికి తీసి గది వేడిలో కొలిస్తే మంచి రీడింగే వస్తుంది. లోపల వెంట్రుకవాసి పగులు ఉంటే చలిలోనే విడిపోతుంది. మీటరు "బాగుంది" అనగానే నమ్మి తిరిగి పెట్టేస్తే వారానికి మళ్లీ ఫోను వస్తుంది.

ఎలక్ట్రానిక్స్_మాస్టారు

బెజవాడ అన్నగారి రెండో మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నా, మొదటిదానితో కాదు. కోడ్ పడిందంటే సెన్సర్ పోయిందని కాదు. ఫ్రిజ్‌ను నడిపే కంట్రోల్ బోర్డుకు అందిన విలువ ఉండాల్సిన హద్దులు దాటిందని మాత్రమే. సెన్సర్ నుంచి బోర్డు దాకా వైరు ఉంది, మధ్యలో జాక్ ఉంది, చివర బోర్డు మీద రెసిస్టర్ ఉంది. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా అదే కోడ్ పడుతుంది.

డల్లాస్ గారూ, మీ డొల్ల ముక్కలే చాలా చెబుతున్నాయి. ఇందులో చల్లదనం కొలిచే సెన్సర్ ఎన్‌టీసీ థర్మిస్టర్ అనే రకం. చల్లబడేకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. చాలా ఫ్రిజ్‌లలో 25 డిగ్రీల దగ్గర 5 కిలో ఓమ్‌లు ఉండే రకం వాడతారు, కొన్నిటిలో 10 కిలో ఓమ్‌ల రకం. 5 కిలో ఓమ్‌ల రకమైతే సున్నా డిగ్రీల దగ్గర సుమారు 16, మైనస్ 10 దగ్గర సుమారు 27 కిలో ఓమ్‌లు చూపిస్తుంది. మోడల్‌ను బట్టి అంకెలు కొంచెం మారతాయి, సర్వీస్ మాన్యువల్లో పట్టిక ఉంటుంది. నీళ్లు గడ్డకట్టే అచ్చు (ట్రే) అడుగు భాగం ఇంచుమించు మైనస్ 10కి చేరిందని నమ్మాకే బోర్డు ముక్కల్ని బయటికి తోయిస్తుంది.

ఇప్పుడు దారిలో ఎక్కడో అదనపు రెసిస్టెన్స్ చేరిందనుకోండి. అచ్చు ఇంకా అంత చల్లబడకముందే బోర్డు మైనస్ 10 అయిందనుకుంటుంది. సగం గడ్డకట్టిన ముక్కల్ని తోసేస్తుంది. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదే. అదే సెన్సర్‌లోకి తడి చేరి రెసిస్టెన్స్ పడిపోయి ఉంటే దీనికి తలకిందులుగా ఉండేది: బోర్డు అచ్చు ఇంకా వెచ్చగానే ఉందనుకుని, ఐస్ రాయిలా తయారైనా తోయకుండా కూర్చునేది.

అదనపు రెసిస్టెన్స్ ఎక్కువగా చేరేది తుప్పు పట్టిన జాక్ దగ్గర. ఇంకో కారణమూ ఉంది. సెన్సర్ అచ్చుకు అంటుకుని ఉండేలా పైన ఫోమ్ ముక్క, క్లిప్పు పెడతారు. అది జారిపోతే సెన్సర్ అచ్చు చల్లదనం కాకుండా మైనస్ 18 గాలి చల్లదనం చెబుతుంది. సెన్సర్ నిక్షేపంగా ఉన్నా డొల్ల ముక్కలే వస్తాయి. సెట్ మొత్తం మార్చేముందు ఈ రెండూ చూడొద్దా?

కూకట్‌పల్లి_వదిన

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఇంట్లో ఉన్నది టేబుల్ మీద పెట్టుకునే చిన్న ఐస్ మెషిన్. వేసవిలో ముక్కలు బాగా చిన్నగా వస్తున్నాయి. అది కూడా సెన్సర్ దోషమేనా?

ఎలక్ట్రానిక్స్_మాస్టారు

వదినగారూ, మీ మెషిన్ పనితీరు వేరు. చల్లటి కడ్డీలు నీళ్లలో మునిగి వాటి చుట్టూ ఐస్ కడుతుంది, కాబట్టి ముక్క మధ్యలో ఖాళీ ఉండటం దాని సహజం. మే నెలలో వంటింట్లో గోడకు ఆనించి పెట్టి, వేడి నీళ్లు పోస్తే ఏ మెషిన్ అయినా చిన్న ముక్కలే ఇస్తుంది. గాలి ఆడేచోట పెట్టి, ఫ్రిజ్ నీళ్లు పోసి చూడండి. అప్పటికీ మారకపోతే సెన్సర్ సంగతి చూద్దాం.

ఫ్రిజ్_సర్వీస్_బెజవాడ

మాస్టారూ, మీరు చెప్పింది కాగితం మీద బాగుంది. కొలవమంటారు సరే, ఎక్కడ కొలవాలి? గది వేడిలో వచ్చే రీడింగ్ పనికిరాదని మీరే ఒప్పుకున్నారు కదా.

ఎలక్ట్రానిక్స్_మాస్టారు

సున్నా డిగ్రీల దగ్గర కొలవాలి, అన్నా. దానికి ల్యాబ్ అక్కర్లేదు. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐస్ వేసి, సందులు నిండేంత వరకే నీళ్లు పోసి బాగా కలిపితే అదే సున్నా డిగ్రీలు. ఐస్ తేలుతూ అడుగున నీళ్లు నిలిచేలా పోయకూడదు, అడుగున వేడెక్కుతుంది. సెన్సర్ తలను పలచటి ప్లాస్టిక్ కవరులో పెట్టి అందులో ముంచి, అంకె నిలకడ అయ్యేదాకా ఆగాలి. మీటరు కడ్డీల లోహపు కొనల్ని రెండు చేతులతో పట్టుకోకండి, మన ఒంటి రెసిస్టెన్స్ కూడా కలిసి లెక్క తప్పుతుంది. కొలిచేటప్పుడు వైరు మెల్లగా వంచి చూడండి. అంకె గెంతితే మీరన్న పగులు అక్కడే దొరుకుతుంది.

ఒకే సెన్సర్‌ను రెండు చోట్ల కొలవాలి. మొదట సెన్సర్ దగ్గరి జాక్‌లో, తర్వాత అన్నీ తిరిగి కలిపి బోర్డు దగ్గర ప్లగ్ ఊడదీసి ఆ ప్లగ్‌లో. బోర్డుకు కలిపి ఉంచి కొలిస్తే దాని రెసిస్టర్లూ లెక్కలో కలుస్తాయి. రెండు చోట్లా ఒకే తప్పు అంకె వస్తే సెన్సర్. రెండో చోట మాత్రమే తప్పు వస్తే వైరు లేదా జాక్. రెండు చోట్లా సరిగ్గా ఉండి కోడ్ వస్తూనే ఉంటే బోర్డును అనుమానించాలి. అప్పుడు సెన్సర్ బదులు 15 కిలో ఓమ్‌ల మామూలు రెసిస్టర్ పెట్టి చూడొచ్చు. 5 కిలో ఓమ్‌ల రకానికి అది సున్నాకు కొంచెం పైన ఉన్నట్టు లెక్క. దానితోనూ కోడ్ పోకపోతే సెన్సర్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు.

డల్లాస్ గారూ, ఇవన్నీ ఫ్రిజ్ ప్లగ్ గోడ నుంచి తీశాకే. సెన్సర్ వైర్లలో ఉండేది తక్కువ వోల్టేజే గానీ, ఆ పక్కనే మోటారుకు, హీటరుకు వెళ్లే 120 వోల్టుల వైర్లు ఉండొచ్చు. మంచు పట్టి ఊడకపోతే చాకు, స్క్రూడ్రైవర్‌తో పొడవకండి. ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో గొట్టాల్లో ఉండే గ్యాస్ ఐసోబ్యూటేన్, దానికి మండే గుణం ఉంది. తలుపు తెరిచి కరగనివ్వడమే మంచిది.

డల్లాస్_గృహస్థు

చెప్పినట్టే చేశాను మాస్టారూ. ఫోమ్, క్లిప్పు తమ చోటే ఉన్నాయి. ఐస్ గ్లాసులో సెన్సర్ జాక్ దగ్గర 16.2 కిలో ఓమ్‌లు వచ్చింది, వైరు వంచినా కదల్లేదు. గ్లాసును ఫ్రీజర్‌లో పెట్టి, అన్నీ కలిపి వెనక బోర్డు ప్లగ్ దగ్గర కొలిస్తే 21 దాటింది. ఫ్రీజర్ గోడలో ఉన్న జాక్ లాగి టార్చి వేసి చూశాను. ఒక పిన్ను మీద ఆకుపచ్చ పొర పట్టి ఉంది. జాక్‌ను అటూ ఇటూ కదిపితే అంకె పెరుగుతూ తగ్గుతూ ఉంది.

ఎలక్ట్రానిక్స్_మాస్టారు

అయితే సెన్సర్ మంచిదే. 21 అంటే బోర్డు లెక్కలో మైనస్ 5, అసలు ఉన్నది సున్నా. ఐస్ కట్టేటప్పుడూ ఇదే 5 కిలో ఓమ్‌లు పైన చేరుతుంది. అచ్చు మైనస్ 6 దగ్గర ఉండగానే తోసేస్తోంది, అందుకే లోపల నీళ్లు మిగులుతున్నాయి. జాక్ పూర్తిగా వదిలినప్పుడు కోడ్ పడుతోంది. సెట్ మార్చి ఉంటే గోడ వైపు జాక్ ఇదే ఉండేది, రోగం అలాగే ఉండేది.

ఫ్రిజ్_సర్వీస్_బెజవాడ

ఈ కేసులో మాస్టారి మాటే నెగ్గింది, కాదనను. అయినా రోజుకు పది ఇళ్లు తిరిగే మనిషి ప్రతిచోటా ఐస్ గ్లాసు కలిపి కూర్చోగలడని నేననుకోను. సెన్సర్ విడిగా, చవగ్గా దొరికే మోడల్‌లో నేను ముందు దాన్నే మారుస్తా. సెట్ మొత్తం మార్చమనేటప్పుడు మాత్రం కొలవకుండా చెప్పకూడదు, అక్కడిదాకా ఒప్పుకుంటా.

డల్లాస్ సార్, పిన్ను గీకి పెట్టేసి వదిలేయకండి. పొర పట్టిన పిన్ను కొత్తది వేయించండి. అంతకన్నా ముఖ్యం, ఆ జాక్‌లోకి నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయో చూడండి. నీళ్లు పోసే గొట్టం కొన పక్కకు తిరిగినా, అచ్చు పొర్లేంత నీళ్లు పడుతున్నా చుక్కలు వెనక్కి కారి జాక్ మీదే పడతాయి. అది సరిచేయకపోతే కొత్త పిన్నుకూ ఇదే గతి.

డల్లాస్_గృహస్థు

గొట్టం కింద గోడ మీద సన్నటి ఐస్ చార కనిపిస్తోంది అన్నా, సరిగ్గా జాక్ పైనుంచే దిగింది. ముందు గొట్టం సంగతి చూసి, తర్వాత పిన్ను మార్పిస్తాను.