మంచం మీద లాబ్రడార్, తలవైపు గోడ మీద గోమార్లు: ఏది ముందు చేయాలి?

నిజాంపేట_లాబ్ అడిగిన ప్రశ్న

మూడో అంతస్తు ఫ్లాట్. రెండేళ్ళ మగ లాబ్రడార్, 29 కిలోలు. చిన్నప్పటి నుంచి మా మంచం మీదే, కాళ్ళ దగ్గర పడుకుంటాడు. జూన్‌లో వానలు మొదలైనప్పటి నుంచి దుప్పటి మీద గోమార్లు కనిపిస్తున్నాయి, తలవైపు గోడ మీద కూడా పాకుతున్నాయి. పౌడర్ చల్లితే రెండు రోజులు తగ్గి మళ్ళీ వస్తున్నాయి. ఇంకో సంగతి, రాత్రి పక్కకి జరపబోతే ఈమధ్య గుర్రుమంటున్నాడు. అదే గదిలో ఏడు నెలల పాప ఉయ్యాల్లో పడుకుంటుంది. దసరాకి మా అత్తయ్య వస్తున్నారు, ఆవిడకి ఆస్తమా.

మంచం పూర్తిగా మాన్పించాలా, లేక శుభ్రంగా కొనసాగించే దారి ఉందా? పరుపు, దుప్పట్లు ఏం చేయాలి? దయచేసి వివరంగా చెప్పండి.

మల్కాజ్‌గిరి_వెట్

ప్రస్తుతానికి మంచం ఆపేయండి. ఎన్నాళ్ళు అన్నది కింద చెప్పే పనులు ఎంత పట్టుగా చేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది.

మీరు చూస్తున్నది గోధుమ రంగు గోమారి. మన ఊళ్ళో కుక్కల మీద ఎక్కువగా కనిపించేది ఇదే. బయట గడ్డి లేకపోయినా ఇంట్లోనే తరతరాలు బతకగలదు, అందుకే మూడో అంతస్తులోనూ ఉంది. పిల్ల దశ, మధ్య దశ, పెద్ద దశ, ఈ మూడింటిలోనూ రక్తం తాగి కిందికి రాలిపోతుంది, ఎక్కడో సందులో దాక్కుని తరవాతి దశకి మారి మళ్ళీ కుక్కని ఎక్కుతుంది. రక్తం తాగి ఉబ్బిన ఆడది బూడిద రంగులో, అచ్చం ఆముదం గింజలా ఉంటుంది. అది కుక్కని వదిలేశాక గోడ ఎక్కి ఏదో పగుల్లో వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. గోడ మీద పాకేవి ఇందుకే. కుక్క మీద మీకు దొరికేవి కొన్నే, మిగతా సంత అంతా గదిలో ఉంది. పౌడర్ గుడ్లని ఏమీ చేయదు. పైగా కుక్క నాకుతుంది, పాప చేతికీ అంటుతుంది. దుప్పటి మీద పౌడర్ చల్లడం ఈరోజే ఆపండి.

కుక్కకి: నోటి ద్వారా ఇచ్చే టాబ్లెట్ మేలు, ఒంటి మీద మందు అంటుకుని ఉండదు కాబట్టి పాప ఉన్న ఇంట్లో నిశ్చింత. ఫ్లూరలానర్ అయితే 20 నుంచి 40 కిలోల కుక్కకి 1000 మి.గ్రా. టాబ్లెట్, 12 వారాలకి ఒకటి. అఫాక్సోలానర్ అయితే 25 నుంచి 50 కిలోలకి 136 మి.గ్రా., నెలకొకటి. ఫ్లూరలానర్ ఖాళీ కడుపుతో ఇస్తే ఒంటికి సరిగా పట్టదు, అన్నంతో పాటే ఇవ్వండి. వాడికి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి, అప్పుడు ఈ రకం మందులు రాసేముందు ఆలోచిస్తారు. ఒక్క మాట గుర్తుంచుకోండి, ఈ మందు పనిచేయాలంటే గోమారి కుట్టాలి. కుట్టిన ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. అంటే టాబ్లెట్ వేశాక కూడా కొన్ని వారాలు గోడ మీద కనిపిస్తూనే ఉంటాయి. మందు పనిచేయలేదనుకుని పైన ఇంకో మందు వేయకండి.

రోజూ సాయంత్రం చేత్తో తడిమి చూడండి: కాలివేళ్ళ మధ్య, చెవి లోపలి మడతలు, కాలర్ కింద, చంకలు, తోక మొదలు. దొరికితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగాలి. గోళ్ళ మధ్య నలపకండి. స్పిరిట్ పోసిన మూత సీసాలో వేసేయండి. కిరసనాయిలు పూయడం, అగ్గిపుల్ల పెట్టడం వద్దు, చర్మం కాలుతుంది, తల లోపలే ఉండిపోతుంది.

గదికి: హైడ్రాలిక్ మంచమైతే మూత ఎత్తి ప్లైవుడ్ అతుకులు చూడండి. పరుపు అంచు కుట్టు, హెడ్‌బోర్డ్ వెనక, స్కర్టింగ్ పగుళ్ళు, తలుపు చట్రం, ఏసీ పైపు దూరిన కన్నం, కర్టెన్ రాడ్ దగ్గరి మడతలు. వాక్యూమ్ క్లీనర్‌కి సన్న మూతి తగిలించి రోజు మార్చి రోజు లాగండి. పట్టిన చెత్త వెంటనే కవర్లో మూటకట్టి బయట పారేయాలి, లేకపోతే వాక్యూమ్ సంచిలోంచే మళ్ళీ పాకి వస్తాయి. పగుళ్ళు కనిపిస్తే వైట్ సిమెంట్ కూరండి. పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిస్తే పాపనీ కుక్కనీ ఆ పూటంతా వేరే చోట ఉంచి, పూర్తిగా ఆరి, గాలి ఆడాకే తీసుకురండి. మందు గుడ్లని చంపదు, అందుకే రెండు మూడు వారాలకి రెండోసారి కొట్టించడం తప్పనిసరి. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, నెల తిరిగేసరికి గుడ్లు పగిలి కథ మొదటికొస్తుంది.

తిండి మానేసినా, జ్వరం ఉన్నా, ముక్కు వెంట రక్తం వచ్చినా, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపించినా, చిగుళ్ళు తెల్లబడినా ఆరోజే రక్తపరీక్ష చేయించండి. స్మియర్ (రక్తపు చుక్కని గాజు పలక మీద పరిచి చూసే పరీక్ష), ప్లేట్‌లెట్లు రెండూ అడగండి. గోమార్లు అంటించే ఎర్లిషియా అనే రక్తం జబ్బు అయితే డాక్సీసైక్లిన్ మామూలుగా 28 రోజులు ఇస్తారు, నాలుగో రోజుకి కుక్క హుషారుగా తిరిగినా కోర్సు ఆపకూడదు. మూత్రం కాఫీ రంగులో వస్తే అది బబీసియా (గోమార్ల వల్లే వచ్చే ఇంకో రక్తం జబ్బు) కావచ్చు, తెల్లవారేదాకా ఆగొద్దు. ప్రభుత్వ వైద్యం కావాలంటే నారాయణగూడలో సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉన్నాయి.

సైనిక్‌పురి_ట్రైనర్

గోమార్ల సంగతి డాక్టర్ గారు చెప్పారు. నాకు ఆ గుర్రు ఎక్కువ ముఖ్యంగా అనిపిస్తోంది, అందులోనూ అదే గదిలో పాప ఉంది.

గుర్రుమన్నందుకు తిట్టొద్దు, కాలర్ పట్టి లాగొద్దు. గుర్రు వాడి హెచ్చరిక. దాన్ని అణిచేస్తే ఇంకోరోజు హెచ్చరిక లేకుండా నేరుగా పళ్ళు దిగుతాయి. నిద్రలో ఉన్న కుక్కని ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవండి, కళ్ళు తెరిచాకే చెయ్యి వేయండి. ఇది ఈమధ్యే మొదలైందంటున్నారు కాబట్టి నొప్పి ఉందేమో కూడా చూపించండి. లాబ్రడార్లకి తుంటి కీలు సమస్య, చెవి ఇన్ఫెక్షన్ మామూలే. నొప్పి ఉన్నవాడికి ఎంత శిక్షణ ఇచ్చినా గుర్రు పోదు.

"దిగు" అన్న మాట పగటిపూట నేర్పాలి, రాత్రి నిద్రమత్తులో కాదు. సోఫా మీద ఉన్నప్పుడు ఉడికించిన చికెన్ ముక్క, శనగగింజంత, నేల మీదకి విసరండి. నాలుగు కాళ్ళూ నేలకి ఆనే క్షణంలో "దిగు" అనండి. ఒక్కో విడత పదిసార్లు, రోజుకి మూడు విడతలు. మూడు నాలుగు రోజులయ్యాక మాట ముందు, ముక్క తరవాత. ఆ తరవాత ఖాళీ చేత్తో నేల చూపించి, దిగాక ముక్క ఇవ్వండి. పదికి తొమ్మిదిసార్లు ఒకే మాటకి దిగేదాకా మంచం దగ్గర ప్రయత్నించకండి.

పడక మీ మంచానికి రెండడుగుల దూరంలో వేయండి. మొదటి వారం మీరు వాడిన, ఉతకని చొక్కా ఒకటి దాని మీద పరవండి. వాసన తోడుంటే కుక్క తొందరగా కుదురుకుంటుంది. మొదటి రెండు మూడు రాత్రులు ఎక్కడానికి చూస్తాడు. మాట్లాడకుండా, విసుక్కోకుండా పడక దగ్గరికి తీసుకెళ్ళి వదిలేయండి. అర్ధరాత్రి మీరు మాట్లాడే ప్రతి మాటా వాడికి బహుమతే. ఇంట్లో అందరూ ఒకే కట్టుబాటు మీద ఉండాలి. ఐదు రాత్రులు వద్దని ఆరో రాత్రి జాలిపడి ఎక్కించుకుంటే, పట్టు పడితే ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుందని నేర్చుకుంటాడు. ఆ పట్టు విడిపించడం రోజూ ఎక్కించుకున్న కుక్కకి మాన్పించడం కన్నా కష్టం.

పాప విషయంలో మినహాయింపు లేదు. ఏడాదిలోపు బిడ్డ నిద్రపోయే చోటికి కుక్క వెళ్ళకూడదు. కరుస్తుందని మాత్రమే కాదు, 29 కిలోల ఒళ్ళు పొరపాటున మీద వాలినా, ముఖానికి అడ్డం పడుకున్నా బిడ్డకి ఊపిరాడదు. నేలకి దగ్గరగా వేలాడే గుడ్డ ఉయ్యాల అయితే మరీ జాగ్రత్త, ఊగేదాన్ని చూస్తే కుక్క తలతో పొడుస్తుంది. పాపని వేరే గదికి మార్చలేకపోతే కుక్క పడకని హాల్లో వేసి, గది గుమ్మానికి మెష్ తలుపో బేబీ గేటో పెట్టండి. మీరు కనిపిస్తూ ఉంటే వాడికి ఒంటరితనం ఉండదు.

పన్ను గీరుకున్నా సరే, ఆ చోటుని సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. వాడికి ఏటా రేబిస్ టీకా పడినా సరే వెళ్ళాలి.

కూకట్‌పల్లి_శుభ్రం

అన్నా, బట్టల సంగతి నేను జెప్త.

పరుపుకు నాలుగు దిక్కులా జిప్పు ఉండే వాటర్‌ప్రూఫ్ కవర్ ఎయ్యుర్రి. పైన మాత్రమే ఎలాస్టిక్ ఉండేది గాదు, మొత్తం మూసేది గావాలె. గప్పుడే వెంట్రుకలు, పొట్టు, గోమార్లు పరుపు కుట్టులోకి పోవు. కుక్క పండే దుప్పటి మీ దుప్పటి ఒక్కటి గావొద్దు. షోలాపూర్ చద్దర్లు దానికి పనికిరావు, ఆ నూలు పోగుల్లో వెంట్రుక ఇరుక్కుంటది. దగ్గరి నేత పాప్లిన్ మంచిది, దులిపితే రాలిపోతది.

ఉతికేముందు వెంట్రుక తీయాలె. రబ్బరు గ్లవుజు కొద్దిగ తడి జేసి ఒకే దిక్కుకు రుద్దితే ఉండలు గట్టి వస్తది. తియ్యకుండ మెషిన్ల ఏస్తే డ్రైన్ ఫిల్టర్ జామవుతది, తడిసిన వెంట్రుక మిగతా బట్టలకు అంటుకుంటది. వారానికి ఒకపారి, 60 డిగ్రీల నీళ్ళల్ల. బోరు నీళ్ళయితే సబ్బు సరిగ్గ పోదు, ఇంకొక రిన్స్ పెట్టుర్రి. మిగిలిన సబ్బు తోటి కుక్కకు దురద వస్తది. వానల్ల ఎండ లేకపోతే ఆరినంక ఉడుకుడుకు ఇస్త్రీ చెయ్యిండ్రి, కుట్లు, అంచుల మీద జెర ఎక్కువ సేపు.

వాకింగ్ నుంచి రాంగనే నాలుగు కాళ్ళు మగ్గు నీళ్ళల్ల ముంచి, వేళ్ళ సందుల పొడి గుడ్డ పెట్టి తుడువుర్రి. తడి సందులల్ల ఉంటే పుండ్లయితయి. వాననీళ్ళ గుంటల్ల ఎలుకల ఉచ్చ ఉంటది, లెప్టో (లెప్టోస్పైరోసిస్) జబ్బు అట్లనే వస్తది, ఏటేటా టీకా ఏపియ్యాలె. నులిపురుగుల మందు మూడు నెలలకొకపారి. కుక్కల టాబ్లెట్ల మీద 10 కిలోలకు ఒకటి అని రాసి ఉంటే మీవానికి మూడు.

మీ అత్తమ్మకు: ఆస్తమాను రేపేది వెంట్రుక గాదు, చర్మం పొట్టు, ఉమ్మి. అందుకే బొచ్చు గొరిగిస్తే లాభం లేదు, లాబ్‌కైతే ఎండకు చర్మం కమిలిపోతది. కుక్కను బయటికి పంపినంక గూడ ఆ పొట్టు గదిలో నెలల తరబడి ఉంటది. దసరాకు రెండు దినాల ముందు తుడిస్తే సరిపోదు. ఆమె పండే గదికి ఇయ్యాల్టి నుంచే కుక్కను పోనియ్యకుర్రి, పరదాలు ఉతుకుర్రి, తివాచీ తీసెయ్యిండ్రి. సన్న దుమ్ము పట్టే హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ పెడితే ఇంకింత నయం. ఇన్‌హేలర్ ఆమె తలాపునే ఉండాలె.

గచ్చిబౌలి_పడకలు

పడక కొలత: పడుకుని కాళ్ళు చాపినప్పుడు ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిచి ఆరంగుళాలు కలపండి. ఈ సైజు లాబ్‌కి దాదాపు 42 × 28 అంగుళాలు వస్తుంది. ఫోమ్ షాపులో 40 డెన్సిటీ, నాలుగంగుళాల మందం కోయించుకోండి. తక్కువ డెన్సిటీదైతే కొన్ని నెలలకే మధ్యలో గుంట పడి మోచేతులు నేలకి ఆనుతాయి, అక్కడ బొచ్చు రాలి కాయలు కాస్తాయి. కవర్ కాన్వాస్‌ది, జిప్పుతో, రెండు కుట్టించుకోండి. ఒకటి ఉతుకులో ఉన్నా ఇంకొకటి ఉంటుంది.

చిన్న నవారు మంచం వేయిద్దామని చాలామంది అనుకుంటారు. ఎండాకాలంలో కింద గాలి ఆడి హాయిగా ఉంటుంది, కానీ గోమార్లు ఉన్న ఇంట్లో నవారు మడతలు వాటికి మంచి గూడు. ఇప్పుడు వద్దు. ఇనుప చట్రానికి నైలాన్ మెష్ బిగించినది ఆరేడంగుళాల ఎత్తులో దొరుకుతుంది, తుడిస్తే సరిపోతుంది.

2017లో మేయో క్లినిక్ వాళ్ళు 40 మంది మీద చూసినప్పుడు కుక్క గదిలో ఉన్నంత మాత్రాన నిద్ర పాడవలేదు, మంచం మీదే ఉంటే మాత్రం కాస్త తగ్గింది. మంచం పక్కనే పడక అన్నది నా దృష్టిలో మంచి ఏర్పాటు.

ఈ చర్చ చదివే డాక్స్‌హుండ్, పగ్ వాళ్ళకి ఒక మాట. ఎత్తు మంచం మీంచి రోజూ దూకితే డాక్స్‌హుండ్ వెన్నుపూసల మధ్య డిస్క్ జారే ప్రమాదం ఉంది. మంచం ఎత్తుకి మూడింతల పొడవుతో ర్యాంప్ చేయించండి. పరుపుతో కలిపి 24 అంగుళాల ఎత్తుంటే ర్యాంప్ 72 అంగుళాలు, పైన రబ్బరు మ్యాట్ అతికించాలి. నున్నటి ప్లైవుడ్ మీద కాలు జారితే ఒక్కసారికే భయపడి మళ్ళీ ఎక్కదు.

నిజాంపేట_లాబ్

అందరికీ చాలా థాంక్స్ అండి. ఈరోజే బరువు తూచి డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. పడక హాల్లో వేస్తాం. టాబ్లెట్ వేసిన ఎన్ని రోజులకి మళ్ళీ మంచం ఎక్కించొచ్చు?

మల్కాజ్‌గిరి_వెట్

రోజులు లెక్కపెట్టి ఎక్కించకండి. వాడి పడక మీద, మీ మంచం మీద తెల్ల దుప్పటి పరిచి రోజూ పొద్దున్నే వెలుతుర్లో చూడండి. వరుసగా నాలుగు వారాలు ఒక్క గోమారి కూడా కనిపించకూడదు. గోడ మీద ఒకటి కనిపించినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి. ట్రైనర్ గారు చెప్పిన "దిగు" పదికి తొమ్మిదిసార్లు రావాలి, గుర్రు పూర్తిగా పోవాలి. పాప ఆ గదిలో పడుకున్నన్నాళ్ళు మాత్రం ఇవన్నీ కుదిరినా వద్దు.

టాబ్లెట్ వేసిన తేదీ క్యాలెండర్ మీద రాయండి. 12 వారాలంటే 84 రోజులు. జులై 5న వేస్తే తరవాతిది సెప్టెంబర్ 27. గోమార్లు కనిపించడం లేదు కదా అని ఆ రెండోది దాటేయకండి, సందుల్లో ఆకలితో నెలల తరబడి కాచుకుని ఉండేవి అప్పటికీ మిగిలి ఉంటాయి.