‘డెమగాగ్’ను వాక్యంలో ఎలా వాడాలి?

ప్రశ్న (కావలి): ఇంటర్ పిల్లలకు ‘డెమగాగ్’ అంటే ‘ప్రజాకర్షక నాయకుడు’ అని చెప్పాను గాని, అందులో నింద ధ్వనించడం లేదు. సరైన మాట ఏదండీ?

జవాబు (ఒంగోలు): మీ అనుమానం సబబే. గ్రీకులో దానికి మొదటి అర్థం ‘ప్రజలను నడిపించేవాడు’ మాత్రమే, క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌లో క్లియోన్ వంటి నాయకుల వల్ల అది తిట్టుగా మారింది. నేనైతే ‘జనాన్ని రెచ్చగొట్టి పబ్బం గడుపుకునే నాయకుడు’ అంటాను. వాక్యం: “నీటి ఎద్దడికి పక్క ఊరివాళ్లే కారణమని చెప్పి, మన చెరువు పూడిక సంగతే ఎత్తని ఆ డెమగాగ్‌కే చప్పట్లు ఎక్కువ పడ్డాయి.”

జవాబు (కందుకూరు): ఉచిత పథకం ప్రకటించిన ప్రతివారినీ ఇలా పిలవకూడదండీ, భయాన్నీ ద్వేషాన్నీ పెట్టుబడిగా పెట్టినప్పుడే, 1950లో కమ్యూనిస్టుల జాబితా తన చేతిలో ఉందన్న అమెరికా సెనేటర్ జోసెఫ్ మెకార్తీ లాంటివారికే, ఈ మాట అతుకుతుంది.

కావలి: చెరువు వాక్యాన్నే రేపు బోర్డు మీద రాస్తాను.