మిణుకుతోందా, అదురుతోందా?

నిన్న సాయంత్రం విశాఖ ద్వారకానగర్‌లో ఒక లాప్‌టాప్ రిపేరు షాపుకి వెళ్లి "డిస్‌ప్లే ప్రాబ్లం" అన్నాను. అక్కడి కుర్రాడు తలెత్తకుండానే, "ప్రాబ్లమంటే ఏటి సార్? మిణుకుతోందా, అదురుతోందా, ఆరి వెలుగుతోందా?" అన్నాడు. ఈ గ్రూపులో రోజూ మాటల గురించి వాదించే నాకు నోట మాట రాలేదు. మనం ‘ఫ్లికర్’ అని తేల్చేసేదానికి అతని దగ్గర మూడు మాటలున్నాయి. మూడింటికీ రిపేరు వేరు.

మిణుకు అంటే బొమ్మ కదలదు, వెలుగే తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. చుక్కలు మిణుకుమనడం, మిణుగురు పురుగు, అన్నీ ఈ కుటుంబమే. మూత కదిపినప్పుడల్లా తెర మిణుకుమంటే, కీళ్ల దగ్గర నలిగే సన్నటి కేబుల్ మీద అనుమానం.

అదురు అలా కాదు. కన్ను అదిరినట్టు, వెలుగు బాగానే ఉన్నా బొమ్మ నిలవదు. నాది ఇదే. అక్షరాలు ఉన్నచోటే తుళ్లిపడుతున్నాయి. అతను నడుస్తున్న ప్రోగ్రాంల జాబితా చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి, "ఇదీ అదురుతోందా చూడండి" అన్నాడు. మిగతా తెర అదురుతున్నా అది నిలకడగా ఉంటే ఏదో ప్రోగ్రాం గొడవట. అదీ అదిరితే డ్రైవర్‌ని, అంటే తెరకి బొమ్మ పంపే చిప్పుని నడిపే సాఫ్ట్‌వేర్‌ని చూడాలి. నాకు అదీ అదిరింది. ముందు వారమే డ్రైవర్ అప్‌డేట్ అయింది, పాత వెర్షన్‌కి తిప్పగానే సర్దుకుంది.

ఆరి వెలగడమంటే బీచ్ రోడ్డు నుంచి డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్‌ని చూసినట్టు. పూర్తి చీకటి, మళ్లీ పూర్తి వెలుగు. బొమ్మ పంపే ఆ గ్రాఫిక్స్ చిప్పు ఉలకక పలకక 2 సెకన్లు ఉండిపోతే విండోస్ దాన్ని కుదిపి లేపుతుంది, ఆ కాసేపు తెర నల్లబడుతుంది. దీన్ని మిణుకు అనకూడదని నా వాదన. మీరేమంటారు?

గాజువాక నుంచి ఒకరు: బాగుంది. మరి గీతలు పడితే?

నేను: నిలువుగా కదలకుండా ఉంటే గీత, రంగు రంగులుగా పట్టీల్లా ఉంటే చార అంటాను. అన్నట్టు, గీతలున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కి పంపుకోండి. ఫోన్‌లోనూ గీతలు కనబడితే డ్రైవరో చిప్పో, కనబడకపోతే చాలావరకు తెరో కేబులో. ఆన్ చేయగానే వచ్చే కంపెనీ లోగో మీదే గీతలుంటే విండోస్‌ని తిట్టి లాభం లేదు, అప్పటికింకా అది లేవనే లేదు.

ఇంకొకరు: ‘మినుకు’ అని కూడా రాస్తారు కదా?

నేను: రాస్తారు. నాకు ణ అలవాటు. దాని మీద ఇంకో పోస్టు పెట్టండి, ఇక్కడ మొదలైతే తెల్లారుతుంది.

మరొకరు: ‘రెపరెపలాడుతోంది’ అంటే సరిపోదా? వినడానికి అందంగా ఉంది.

నేను: అందంగానే ఉంది. కానీ రెపరెపకి గాలి కావాలండీ. జెండా, దీపం, తెరచాప. లాప్‌టాప్‌లో గాలి ఆడేది ఫ్యాన్ దగ్గర మాత్రమే.

సీతమ్మధార నుంచి ఒకరు: మా అమ్మ ఇప్పటికీ "బొమ్మ పడట్లేదు" అంటుంది. పాత టీవీ నాటి మాట. మొన్న నా లాప్‌టాప్ నల్లగా ఉండిపోతే అదే అంది. టార్చ్ వేసి ఏటవాలుగా చూస్తే బొమ్మ లీలగా ఉంది. పోయింది బ్యాక్‌లైట్.

నేను: అంటే బొమ్మ పడుతోంది, వెలుగే లేదు! అమ్మగారి మాటకి ఇంకోటి జత చేయండి, "బొమ్మ ఉంది, దీపం లేదు" అని. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపితే అసలు బొమ్మే లేదా, తెరకే జబ్బా అన్నది తేలిపోతుంది.

గాజువాక ఆయనే: ఇంతకీ ఆ కుర్రాడు బిల్లు మీద ఏం రాశాడు?

నేను: ఇప్పుడే తీసి చూశాను. "డిస్‌ప్లే ప్రాబ్లం".