సర్వీసింగులో వాచీ మీది గీతలు తీయించాలా, అలాగే ఉంచాలా?

ప్రశ్న: మిర్యాలగూడ గృహిణి

అందరికీ నమస్కారం. మావారు 2009లో హైదరాబాదులో కొనుక్కున్న ఒమేగా సీమాస్టర్ ఆక్వా టెర్రా ఉక్కు వాచీని సర్వీసింగుకు ఇవ్వబోతున్నాం. శనివారం రాత్రి తీసి పెడితే ఆదివారం సాయంత్రానికే ఆగిపోతోంది కాబట్టి, యంత్రం విప్పి శుభ్రం చేయించడంలో మాకు ఏ సందేహమూ లేదు. సందేహమంతా అంచనా పత్రంలో చివరన ఉన్న ఒక్క వరుస గురించే. కేసుకూ (యంత్రం చుట్టూ ఉండే లోహపు డొప్ప) చైనుకూ పాలిష్ చేయడం సర్వీసు ధరలోనే కలిసి ఉందట, వద్దన్నా ధర తగ్గదట.

మాది ధాన్యం మిల్లు. ఇన్నేళ్లుగా ఆ వాచీ వేబ్రిడ్జి కమ్మీలకూ లారీ తలుపులకూ తగులుతూనే ఉంది. చైను సందుల్లో తవుడు పేరుకుంటే పాత టూత్‌బ్రష్షుతో నేనే తీస్తుంటాను. చాలా గీతలు వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే తప్ప కనిపించవు. చావి ఉన్న వైపు కింది కొమ్ము మీద (చైను తగిలించడానికి కేసు నుంచి పొడుచుకువచ్చిన నాలుగు మూలల్లో ఒకటి) మాత్రం ఒక సొట్ట ఉంది, దాని మీద గోరు పెట్టి లాగితే ఆగుతుంది. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. ఎలాగూ డబ్బు కడుతున్నప్పుడు, కొత్తదానిలా చేసి ఇస్తామంటే ఎందుకు వద్దనాలని మావారు అంటున్నారు.

నా భయానికి కారణం ఉంది. 2017లో ఇదే వాచీని వేరొక చోట సర్వీసింగుకు ఇచ్చినప్పుడు, మమ్మల్ని అడగకుండానే పాలిష్ చేశారు. అప్పుడు ఆ మెరుపు చూసి సంతోషించాం. ఈ మధ్య 2011 నాటి ఒక ఫొటోను పెద్దది చేసి చూస్తే, కొమ్ము మీద అద్దంలా మెరిసే ముఖమూ మసకగా ఉండే ముఖమూ కలిసే చోట అంచు కత్తితో గీసినట్టు ఉంది. ఇప్పుడు అదే అంచు అరిగిన సబ్బు బిళ్లలా గుండ్రబడింది. ఇంకోసారి అదే పని జరిగితే ఏం మిగులుతుంది? చైనుకు చేసి కేసును వదిలేయమని అడగవచ్చా? ఆ ఒక్క సొట్టను పూడ్చే పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు: గద్వాల కంసాలి

అమ్మా, నేను వాచీల పనివాణ్ణి కాను, మాది మూడు తరాలుగా బంగారం పని. మీ ప్రశ్నకు మా వృత్తిలో ఒక మాట ఉంది, తరుగు. మెరుగు పెట్టడమంటే పైన ఏదో పూయడం కాదు, గీత ఎంత లోతుందో అంత లోతు వరకు చుట్టూ ఉన్న లోహాన్ని తీసివేయడం. గీత పోయిందని కంటికి అనిపిస్తుంది, నిజానికి పోయింది గీత చుట్టూ ఉన్న లోహమే. మా కొట్టులో మెరుగు పెట్టే చోట రాలిన పొడినీ, ఊడ్చిన మట్టినీ పారేయం. దాన్ని కొనుక్కుపోయి, కరిగించి, బంగారం తీసుకునేవాళ్లు ఉన్నారు. ఉక్కు పొడిని ఎవరూ కొనరు, అందుకే వాచీకి పోయిన తరుగు ఎవరి త్రాసులోనూ పడదు.

మీది ఉక్కు కాబట్టి కొంత నయం. బంగారు కేసు అయితే లోహం మెత్తన, తొందరగా అరుగుతుంది. పూత వాచీ అయితే అసలు ముట్టుకోనివ్వకూడదు. పూత మందం మైక్రాన్లలో ఉంటుంది, మెరుగు పెట్టే బఫింగ్ చక్రానికి కాసేపు ఆనిస్తే చాలు, అంచుల దగ్గర కింది ఇత్తడి బయటపడుతుంది.

జవాబు: పాలమూరు వాచ్ మెకానిక్

మేడమ్, హైదరాబాదులో కొన్నేళ్లు వర్క్‌షాపులో పనిచేసి, ఇప్పుడు మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర సొంతంగా వాచీలు బాగుచేస్తున్నాను. గద్వాల పెద్దాయన చెప్పిన తరుగు మాట నిజమే అయినా, మెరుగు పెట్టడమంతా చెడ్డపని అనుకోవద్దు. మీ వాచీకి 2017లో జరిగిన నష్టానికి కారణం పాలిష్ చేయడం కన్నా, చేసిన తీరు అని నాకనిపిస్తోంది.

సరైన పద్ధతిలో యంత్రం, అద్దం, చావి, రబ్బరు వాషర్లు అన్నీ తీసేసి, ఖాళీ కేసును మాత్రమే చక్రం దగ్గరకు తీసుకువెళ్లాలి. అద్దంలా మెరవాల్సిన ముఖాన్ని బల్లపరుపుగా తిరిగే గట్టి డిస్కుకు సరైన కోణంలో ఆనించాలి, అప్పుడే అంచు నిలుస్తుంది. మెత్తని గుడ్డ చక్రానికి ఆనిస్తే ఆ గుడ్డ అంచు మీదుగా అటూ ఇటూ ఒరుగుతుంది కాబట్టి, మెరుపు వస్తుంది గాని మూల గుండ్రబడుతుంది. మీరు సబ్బు బిళ్లతో పోల్చింది సరిగ్గా ఆ గుర్తునే. మసక ముఖం మీద ఒకే దిక్కుగా సన్నని గీతలు ఉంటాయి, దాన్ని బ్రష్డ్ ఫినిష్ అంటాం. పక్కనున్న మెరుపు ముఖానికి టేపు అంటించి, సన్నని రాపిడి పట్టీతో ఒకే దిక్కుగా లాగితే ఆ గీతలు మళ్లీ వస్తాయి. టేపు వేయని తొందరలో రెండు ముఖాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పని పూర్తయ్యాక కేసును అల్ట్రాసోనిక్ తొట్టిలో (ధ్వని తరంగాలతో మురికిని వదిలించే తొట్టి) కడిగి, కొత్త వాషర్లు వేసి, పీడన పరీక్ష చేయాలి. మీ వాచీ 150 మీటర్ల నీటి నిరోధానికి తయారైనది కనుక ఈ చివరి పని విడిచిపెట్టడానికి వీల్లేదు.

ఇక సొట్ట సంగతి. గోరు ఆగే లోతును మామూలు పాలిష్‌తో తీయాలంటే కొమ్ము మొత్తాన్ని ఆ మట్టానికి దించాలి, అంటే నాలుగు కొమ్ముల్లో ఒకటి సన్నబడుతుంది, దానికి సరిపోవడానికి మిగతా మూడింటినీ సన్నం చేస్తారు. ఇంకో దారి లేజర్ వెల్డింగు. అదే రకం ఉక్కు తీగను సొట్టలో కరిగించి నింపి, పైకి పొంగినదాన్ని మాత్రమే అరగదీసి, పాత ఆకారానికి తెస్తారు. గుండ్రబడిన అంచులను కూడా ఇలా తిరిగి నిలబెట్టవచ్చు. అయితే ఆ యంత్రం కొద్దిచోట్లే ఉంటుంది, చేయి తిరిగినవాడు చేస్తేనే ఫలితం ఉంటుంది, ఖర్చూ ఎక్కువే. ఒక్క సొట్ట కోసం నేనైతే అంత దూరం పోను.

చైను విషయంలో అంత భయం అక్కరలేదు. మణికట్టు కింద బల్లకు రాసుకునే బకిల్‌కూ, బ్రష్డ్ ఫినిష్ ఉన్న లంకెలకూ తేలికగా గీతలు సవరిస్తే పోయేది చాలా తక్కువ, అవి అరిగితే మార్చుకోవడానికి భాగాలు దొరుకుతాయి. కేసు అరిగితే మార్చడం దాదాపు కొత్త వాచీ కొన్నంత పని. కాబట్టి చైనుకు చేసి కేసును వదిలేయమని నిస్సంకోచంగా అడగండి. నోటి మాటగా చెప్పి ఊరుకోవద్దు. కౌంటర్ దగ్గర తీసుకునేవారు ఒకరు, లోపల పనిచేసేవారు ఇంకొకరు, వారి చేతికి వెళ్లేది కాగితమే.

ఇంకొక్క మాట. ఇన్నేళ్ల తవుడూ చెమటా ఆ అల్ట్రాసోనిక్ తొట్టిలో వదిలిపోతే, ఏ చక్రమూ తగలకుండానే వాచీ సగం కొత్తబడుతుంది. పాలిష్ మాట ఆ తరవాత తేల్చుకోవచ్చు.

జవాబు: సూర్యాపేట సేకర్త

అక్కా, ధర తగ్గదు కాబట్టి చేయించుకోవాలన్న మాట దగ్గర బావగారిని కొంచెం ఆలోచించమనండి. ఉచితంగా వస్తున్నది మెరుపే అయినా, దానికి బదులుగా ఇస్తున్నది లోహం. ఒమేగా అయిదు నుంచి ఎనిమిదేళ్లకోసారి సర్వీసు చేయించమంటుంది. ప్రతిసారీ మెరుగు పెడితే బావగారి చేతిమీద ఉన్నంత కాలంలోనే అయిదారు సార్లు అవుతుంది.

మా నాన్నగారికి పదవీ విరమణ నాడు సహోద్యోగులు ఇచ్చిన వాచీ వెనక మూత మీద ఆయన పేరూ తేదీ చెక్కించి ఉండేవి. రెండు దుకాణాల్లో రెండుసార్లు మూతను కూడా చక్రానికి ఆనించారు. ఇప్పుడు పేరు చదవాలంటే దీపం పక్కనుంచి పట్టాలి, తేదీలో చివరి రెండు అంకెలు వేలికి కూడా తగలవు. మెరుగు వద్దని రాసివ్వాలన్న తెలివి నాకు అప్పటికి లేదు. పాత వాచీలు కొనేవాళ్లం మొదట చూసేది కూడా కొమ్ముల అంచులనే. గీతలున్నా అంచు పదునుగా ఉన్నదానికే ఎక్కువ ధర పెడతాం.

నల్లపూత ఉన్న కేసులకూ సిరామిక్ కేసులకూ ఇలాంటి పాలిష్ కుదరదు. నీలమణి అద్దం మీద గీత పడితే అద్దాన్నే మారుస్తారు. మీ వాచీ అద్దమూ నీలమణిదే, కేసుల మాట మాత్రం మీకు వర్తించదు గాని, ఇక్కడ చదివేవారిలో ఎవరికైనా పనికివస్తుందని రాశాను.

ప్రశ్న అడిగినవారి జవాబు: మిర్యాలగూడ గృహిణి

అందరికీ కృతజ్ఞతలు. గద్వాల పెద్దాయన తరుగు మాట చదివి వినిపించగానే మావారు పట్టుదల వదిలేశారు. ధాన్యంలో తరుగు లెక్కవేసుకునే మనిషికి ఇంతకంటే చెప్పనక్కరలేకపోయింది. చైనుకూ బకిల్‌కూ తేలికగా చేయించి, కేసును కడిగించి వదిలేయాలని అనుకున్నాం. సొట్ట అలాగే ఉంటుంది.

ఈ ఉదయం మేడ మీద ఎండలో నాలుగు కొమ్ములనూ దగ్గరగా ఫొటోలు తీశాను. సోమవారం హైదరాబాదు వెళ్లి, “కేసుకు, కొమ్ములకు, వెనక మూతకు పాలిష్ చేయరాదు, చైనుకు మాత్రమే బ్రష్డ్ ఫినిష్ సవరించాలి” అని పత్రం మీద రాసి, వారి సంతకం తీసుకున్నాకే వాచీ ఇస్తాను. తిరిగి వచ్చిన రోజు అదే మేడ మీద, అదే ఎండలో మళ్లీ ఫొటోలు తీసి ఇక్కడ పెడతాను.