అప్‌డేట్: ఎండలో సైక్లింగ్, సన్‌స్క్రీన్ కళ్లలోకి కారే సమస్య

ఎండలో తొక్కితే చేతులు, మెడ మండుతున్నాయని, సన్‌స్క్రీన్ చెమటతో కళ్లలోకి కారుతోందని అడిగాను కదా. మీరు చెప్పిన ఆర్మ్ స్లీవ్స్ (చేతులకు తొడిగే గుడ్డ తొడుగులు) బాగా పనిచేశాయి. యూపీఎఫ్ 50 రకం తీసుకున్నాను, అంటే అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతే లోపలికి వస్తుంది. ఉక్కపోస్తుందేమో అనుకున్నా, చెమటకు తడిశాక గాలి తగిలితే చల్లగానే ఉంటోంది. లేత రంగువే తీసుకోండి.

సన్‌స్క్రీన్ ఇప్పుడు ముఖం, చెవులు, మెడ వెనక, మోకాళ్ల పైభాగానికే. బయల్దేరే ముందు పావుగంట ఆగుతాను, రెండు గంటలకోసారి మళ్లీ రాస్తాను. నుదుటికి మాత్రం జింక్ ఆక్సైడ్ స్టిక్. తెల్లగా కనిపిస్తుంది, కనిపించనీ, కళ్లు మండట్లేదు!

సన్‌స్క్రీన్ ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ 30 ఉండాలా, 50 ఉండాలా అని వాదించుకున్నారు చూడండి, చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో 30 సుమారు 97 శాతం, 50 సుమారు 98 శాతం ఆపుతాయి, తేడా అంతే. పలచగా రాస్తే రెండూ దండగే. సగం గ్లవ్స్ వేసుకునేవాళ్లు వేళ్లకూ రాయండి.