‘పులి ప్రజాతి’ అనొచ్చా?

డెస్కులో అనువాదాలు చేస్తుంటాను. నిన్న ఒక వార్తలో "అంతరించిపోయే ముప్పున్న పులి ప్రజాతి" అని రాస్తే మా సీనియర్ ‘ప్ర’ కొట్టేసి ‘జాతి’ ఉంచారు. హిందీ పేపర్లలో స్పీషీస్‌కి ప్రజాతి అనే కదా రాస్తున్నారు, మనకెందుకు తప్పయింది? పైగా జాతి అంటే నాకు కులమో, దేశమో, ఒంగోలు ఎద్దో గుర్తొస్తుంది గానీ బయాలజీ గుర్తురాదు.

*

మీ సీనియర్ చేసింది కరెక్టేనండీ. హిందీ సంగతి ఎలా ఉన్నా మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో స్పీషీస్ అంటే జాతి, జీనస్ అంటే ప్రజాతి. పులి శాస్త్రీయ నామం పాంథెరా టైగ్రిస్. అందులో పాంథెరా అన్నది ప్రజాతి, సింహమూ చిరుతపులీ కూడా దాంట్లోవే. అంటే మీరు "పులి ప్రజాతి" అని రాస్తే ఇంటర్ బైపీసీ పిల్లాడు సింహాల్నీ చిరుతల్నీ కూడా కలిపి లెక్కేసుకుంటాడు. ఇలా ప్రజాతి, జాతి కలిపి రెండు మాటల్లో పేరు పెట్టడం స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ చలవే, మొక్కలకు 1753లో, జంతువులకు 1758లో వచ్చిన ఆయన పుస్తకాలే ఇప్పటికీ మొదలు.

ఒంగోలు జాతి అన్నప్పటి జాతి వేరు, అక్కడ మనం చెప్పేది బ్రీడ్ గురించి. ఒంగోలు గిత్తా, పుంగనూరు పొట్టి ఆవూ బయాలజీ లెక్కలో ఒకటే జాతి. జత కడితే దూడ పుడుతుంది, ఆ దూడ పెరిగి మళ్లీ ఈనుతుంది. గుర్రం, గాడిద అలా కాదు. ప్రజాతి ఒకటే, జాతులు వేరు, వాటికి పుట్టిన కంచరగాడిదకు మామూలుగా పిల్లలు పుట్టవు. క్లాసులో ఇలాగే చెప్పేవాణ్ణి. బ్యాక్టీరియా దగ్గరికొచ్చేసరికి ఈ కొలత చెల్లదనుకోండి, అవి జత కట్టవు కదా.

*

మాస్టారూ, మాట పుట్టుక చూస్తే ఇంకో తమాషా ఉంది. లాటిన్ జీనస్, సంస్కృతం జాతి, రెండూ ‘పుట్టడం’ అనే ఒకే పాత ధాతువు పిల్లలు. స్పీషీస్ మాత్రం ‘చూడటం’ నుంచి వచ్చింది, అంటే కంటికి కనపడే రూపు. చుట్టరికం ప్రకారమైతే జాతి అనే మాట జీనస్‌కే దక్కాలి! మనవాళ్లు దాన్ని స్పీషీస్‌కి ఇచ్చేసి, జీనస్‌కి ‘ప్ర’ తగిలించి సరిపెట్టారు. ఇప్పుడు మారిస్తే ఉన్న గందరగోళం రెట్టింపవుతుంది, వదిలేయండి. ఉపజాతి అంటే మీకు సబ్‌స్పీషీస్ ఏమో గానీ, నాకైతే ఆటవెలది, తేటగీతి, సీసం.

*

సరే, ఒప్పుకున్నాను. మరి ఎర్రచందనం వార్తల్లో "గంధం జాతికి చెందిన చెట్టు" అని రాస్తుంటాం, అదీ తప్పేనా?

*

జాతి కాదు, ప్రజాతి కాదు, కుటుంబం కూడా కాదు. పేరులో చందనం ఉందని చుట్టాన్ని చేసేశాం. శేషాచలం కొండల్లో ఎర్రచందనానికి అసలైన తోబుట్టువు వేగి చెట్టు, రెండూ టెరోకార్పస్ ప్రజాతివే. కుటుంబం చిక్కుడుది, కందిది, వేరుశనగది. మంచిగంధం కంటే మీ పెరట్లో చిక్కుడుపాదే దానికి దగ్గర.

*

చచ్చాం. రేపటి పేజీలో గంధం అనే పోయిందండీ.